కంటి నిండా నిద్రపోయిన మొహం

పాప పుట్టిన నలభై ఆరో రోజున మా ఆవిడ మాట్లాడటం మానేసింది.

అంతకు ముందు వారం రోజులుగా ఆమెకు నిద్ర లేదు. పాప పడుకున్నా తను పడుకునేది కాదు. ఉయ్యాల పక్కన నిలబడి, ఊపిరి ఆడుతోందో లేదో అని వంగి వంగి చూసేది. “నువ్వు కాసేపు నడుం వాల్చు, నేను చూస్తాను” అంటే “నీకు చూడటం రాదు” అనేది. ఆ రోజు పొద్దున్న పాలసీసా చేతికిస్తే, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సాయంత్రానికల్లా ఆస్పత్రిలో చేర్చుకున్నారు. బాలింతల్లో కొందరికి ఇలా వస్తుందని, నయమవుతుందని, ఎన్నాళ్ళు పడుతుందో మాత్రం ఇప్పుడే చెప్పలేమని డాక్టరమ్మ అంది.

అప్పుడే వానలు మొదలయ్యాయి. ఒక చేతిలో పాప, ఒక చేతిలో గొడుగు. తాళం తియ్యడానికి మూడో చెయ్యి లేక గొడుగు మెట్ల మీద పడేశాను. ఇల్లంతా పాలవాసన. కుర్చీ మీద ఆమె తువ్వాలు వేసింది వేసినట్టే ఉంది. పాప నా మొహంలోకి చూసింది, నేను పాప మొహంలోకి చూశాను. ఇక మిగిలింది మనమిద్దరమే అన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసినట్టుంది, అది ఏడుపు అందుకుంది.

మా అమ్మ పోయి చాలాకాలమైంది. అత్తయ్య వచ్చేదే, కానీ మామయ్య తుంటి విరిగి మంచాన పడ్డాడు. రెండు వీధుల అవతల ఒకావిడ తన ఇంట్లోనే పసిపిల్లల్ని చూసుకుంటుంది. అందరూ ఆవిణ్ణి పెద్దమ్మ అంటారు. పగలు పాపను అక్కడ వదిలి పనికి వెళ్ళేవాణ్ణి. సాయంత్రం నుంచి మర్నాడు పొద్దుటిదాకా నేనే. పాప సాయంత్రం ఆరింటికి ఏడుపు మొదలుపెట్టేది. గంట పడుకుంటే గంటన్నర లేచి ఉండేది.

మొదటి ఆదివారం ఆస్పత్రికి వెళ్ళాను. మూడింటి నుంచి నాలుగింటి దాకా కలవనిస్తారు, పసిపిల్లల్ని మాత్రం లోపలికి రానివ్వరు. మా ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఎవరో జడ బిగించి వేశారు. నన్ను చూసింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది. అన్ని రోజుల తర్వాత అప్పుడు నోరు విప్పింది.

“నేనే కదా నిన్నిలా చేశాను.”

“నాకేమైంది? రాయిలా ఉన్నాను.”

“అద్దం చూసుకున్నావా?”

నవ్వబోయాను. ఆమె ఏడుపు మొదలుపెట్టింది. గట్టిగా కాదు, కొళాయి సరిగ్గా కట్టకపోతే కారినట్టు ఆగకుండా, చప్పుడు లేకుండా. ఇరవై నిమిషాలు చూసి నర్సు నన్ను బయటికి పంపేసింది. ఆ తర్వాత రెండు రోజులు తను అన్నం ముట్టలేదట.

“ఇంటి కష్టాలు తన ముందు పెట్టకండి,” అంది డాక్టరమ్మ ఫోనులో. “అందరికీ బరువైపోయానన్న ఆలోచన ఇప్పటికే బలంగా పట్టుకుని ఉంది.”

“నేనేమీ చెప్పలేదండీ.”

“మరి?”

“మొహమే చెప్పేసింది.”

నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. వచ్చినవాళ్ళ మొహానికి జానెడు దూరంలో కూర్చుని కొలతలు తీసుకుని, ఫ్రేము చెవుల మీద సరిగ్గా కూర్చునేలా సర్దడం నా పని. వాళ్ళు అద్దంలో తమని చూసుకుంటున్నప్పుడు వెనక నేనూ కనిపిస్తాను. ఆ వారం మా ఓనరు నన్ను పక్కకి పిలిచాడు. మంచివాడే, కాకపోతే నోటికి అడ్డు ఉండదు.

“నిన్ను చూసి జనం బెదిరిపోతున్నారోయ్. కళ్ళజోడు కాదు, కళ్ళే మార్చుకోవాలేమో అనుకుంటున్నారు. ఆ నల్లటి వలయాలేమిటి? ఎవరైనా కొట్టారా?”

అద్దంలో చూసుకున్నాను. నిజంగానే ఎవరో రెండు కళ్ళకీ చెరొకటి ఇచ్చినట్టుంది. ఆదివారం ఇంక నాలుగు రోజుల్లో ఉంది.

మా బిల్డింగులో కింది వాటాలో ఒకావిడ పార్లర్ నడుపుతుంది. యాభై దాటి ఉంటాయి. గాలికి మెట్లదాకా వచ్చే పౌడరు వాసన వల్ల పిల్లలు ఆవిడకు పౌడరమ్మ అని పేరు పెట్టారు. ఆవిడకీ తెలుసు, పిలిస్తే పలుకుతుంది కూడా. ఆ సాయంత్రం పాపను ఎత్తుకుని, లోపల ఎవరూ లేరని అద్దాల్లోంచి రెండుసార్లు చూసుకుని, దొంగలా లోపలికి వెళ్ళాను.

“మగాళ్ళు రాకూడదని బోర్డేమీ పెట్టలేదులే తమ్ముడూ. కూర్చో.”

సంగతి చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. మధ్యలో ఆవిడ పాపను నా చేతుల్లోంచి తీసుకుంది. అన్నీ విని, నా గడ్డం పట్టుకుని మొహాన్ని దీపం వైపు తిప్పింది.

“నాకు నిద్ర కావాలని ఎవరూ అడగరు తమ్ముడూ. నిద్రపోయినట్టు కనబడాలని అడుగుతారు. పిల్లల్ని బడికి పంపి పరుగున ఆఫీసుకు పోయే తల్లులు ఎంతమంది నా దగ్గర ఇది నేర్చుకున్నారో. తండ్రి రావడం మాత్రం ఇదే మొదలు.”

పాపను ఒళ్ళో పెట్టుకునే నేర్పింది. ఫ్రిజ్‌లో రెండు స్టీలు చెంచాలు పెట్టుకో, లేవగానే కళ్ళ మీద అద్దుకుంటే వాపు తీస్తుంది. తర్వాత తడి ఆరకముందే క్రీము. ఆ తర్వాత నారింజ రంగుది, నలుపు ఉన్నచోట మాత్రమే, ముక్కు పక్క మూలలో మెతుకంత. నేరుగా చర్మం రంగు పూస్తే నలుపు బూడిదలా పైకి తేలుతుందట, నారింజే దాన్ని తొక్కిపెడుతుందట. దాని మీద చర్మంలో కలిసిపోయే రంగు.

“రుద్దకు! గోడకి సున్నం కొట్టడం లేదు నువ్వు. ఉంగరం వేలితో అద్దు. అన్ని వేళ్ళలోకీ బలం లేనిది అదే, అందుకని.”

చివర్న రవ్వంత పౌడరు, కనుబొమలు పైకి దువ్వడం, చెంప ఎముక మీద కొంచెం ఎరుపు అద్ది కనిపించకుండా చెరిపెయ్యడం. పెదాలకు మైనంలాంటిది ఒకటి ఇచ్చింది. “లిప్‌స్టిక్ కాదు, బెదరకు,” అంది.

నాకు సరిపడే రంగు కోసం మూడు గొట్టాలు నా దవడ మీద గీసి చూసింది. మా ఆవిడ ఉంటే ఒక్క చూపుతో చెప్పేది. ఆమె పెయింట్ల షాపులో రంగులు కలుపుతుంది. గోడ పెచ్చు ఒకటి తెచ్చి చూపిస్తే చాలు, ఏది ఎన్ని చుక్కలు పడాలో మెషీను కంటే ముందే చెబుతుంది. షాపువాళ్ళు ఇప్పటికీ ఫోను చేస్తున్నారు, ఎప్పుడొస్తుందని.

“ఇప్పుడు చూసుకో,” అంది పౌడరమ్మ.

అద్దంలో ఉన్నవాడు కంటి నిండా నిద్రపోయి, తీరిగ్గా స్నానం చేసి వచ్చినవాడు. వాణ్ణి చూస్తే నాకే అసూయ కలిగింది.

రెండో ఆదివారం మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

“బాగున్నావు.”

“చెప్పానుగా.”

“పాప?”

“హాయిగా ఉంది. పాలిస్తే తాగుతుంది, జోకొడితే పడుకుంటుంది. రాత్రి పదింటికి పడుకుంటే పొద్దున్న అయిదుకే.”

ఆమె ఏడవలేదు. ఆ గంటా నిమ్మళంగా కూర్చుంది. వచ్చేటప్పుడు నర్సు కూడా “ఇవాళ నయమండీ” అంది. బస్సులో నాకు నవ్వొచ్చింది. మెతుకంత నారింజ రంగు ఇంత పని చేస్తుందా అనుకున్నాను.

అప్పటి నుంచి రోజూ పూసుకోవడం మొదలుపెట్టాను, ఆదివారానికి చెయ్యి తిరగాలని. పాలసీసా వేణ్ణీళ్ళలో వెచ్చబడేలోపు అయిపోయేది. పాప చాప మీద పడుకుని కాళ్ళు కొట్టుకుంటూ, నాన్న మాయమై ఇంకొకడు రావడం రోజూ చూసేది.

అయితే ఒకటి నేను అనుకోలేదు. అంతకు ముందు పెద్దమ్మ నా వాలకం చూసి, సాయంత్రం ఒక అరగంట ఎక్కువే పాపను ఉంచుకునేది, “నువ్వు కాస్త కూర్చుని టీ తాగి వెళ్ళు బాబూ” అనేది. మూడో వారానికి “తేరుకున్నావు, మంచిదే” అని గుమ్మంలోనే పాపను చేతికిచ్చేయడం మొదలుపెట్టింది. షాపులో శనివారం సాయంత్రాలు నా బదులు నిలబడే కుర్రదానికి తన పెళ్ళి పనులు గుర్తొచ్చాయి. “నీకిప్పుడు పర్లేదుగా అన్నయ్యా,” అంది. అత్తయ్య వీడియో కాల్‌లో నన్ను చూసి, పక్కకు తిరిగి మామయ్యతో “అల్లుడు నిబ్బరంగా ఉన్నాడండీ, మనం బెంగపెట్టుకోనక్కర్లేదు” అంది. పది రోజులు తిరిగేసరికి, ఎలా ఉన్నావని నన్నడిగే మనిషి లేకుండా పోయాడు. అడిగినా బాగున్నాననే అనేవాణ్ణి. కానీ అడగకపోవడం వేరు. ఒక సాయంత్రం పాపను గుక్కపెట్టి ఏడవనిచ్చి, బాత్‌రూములో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో నేను కూడా ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుంటే తువ్వాలుకు మరక అంటింది.

ఆస్పత్రిలో మా ఆవిడ తింటోంది, పడుకుంటోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. కానీ వారం వారం ఆమె అడిగేవి తగ్గిపోయాయి. నాలుగో ఆదివారం పాప గురించి ఒక్కటే అడిగింది. అయిదో ఆదివారం అదీ అడగలేదు. నేనే చెప్పుకుంటూ పోయాను, పాప నవ్వుతోందని, బోర్లా పడబోతోందని. ఆమె పరాయివాళ్ళ పిల్ల సంగతి విన్నట్టు మర్యాదగా విని, లేచేటప్పుడు అంది:

“వానలో ప్రతి వారం ఇంత దూరం ఎందుకు? వీలైనప్పుడు రా చాలు.”

“నాకు వీలవుతుంది.”

“నీ ఇష్టం. నేను ఉన్నా లేకపోయినా ఒకటే కదా.”

చివరి మాట ఆమె ఎంత మామూలుగా అన్నదంటే, గుమ్మం దాటి మెట్లు దిగేదాకా అది నాకు ఎక్కలేదు.

గురువారం డాక్టరమ్మ రమ్మంది. బల్ల మీద కాగితాలు సర్దుతూ మొదలుపెట్టింది.

“ఇంకో నెలలో ఇంటికి పంపవచ్చు. మందులు బాగానే పని చేస్తున్నాయి. కానీ తను వెళ్ళనంటోంది.”

“ఎందుకు?”

“తను లేకుండా మీరిద్దరూ హాయిగా ఉన్నారట. మళ్ళీ వెళ్ళి ఎందుకు పాడుచెయ్యాలి అంటోంది. ‘ఆయన మొహం చూశారా డాక్టర్, నాతో ఉన్నప్పుడు ఎప్పుడూ అంత తేటగా లేదు’ అంది నిన్న.”

ఆవిడ తలెత్తి నన్ను పరిశీలనగా చూసింది. బయట వాన పెద్దదైంది.

“నాకూ ఇద్దరు పిల్లలండీ,” అంది చివరికి. “ఒంటరిగా మూడు నెలల పిల్లను పెంచుతున్న మనిషి మొహం నాకు తెలుసు.”

కాగితాలు పక్కకు నెట్టి లేచింది.

ఆదివారం పొద్దున్న ఏమీ పూసుకోకూడదనుకున్నాను. మొహం కడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. మొదటి ఆదివారం ఆ చప్పుడు లేని ఏడుపు, రెండు రోజులు ముట్టని అన్నం గుర్తొచ్చాయి. ఈసారి అలా అయితే? చెయ్యి దానంతటదే చెంచాల కోసం వెళ్ళింది. పాపను పౌడరమ్మకు అప్పగించేటప్పుడు ఆవిడ నా మొహం చూసి, “చెయ్యి వణికిందా ఏమిటి ఇవాళ?” అంది.

బస్సులో మాటలు కూడబలుక్కుంటూ వెళ్ళాను. వార్డులోకి వెళ్ళాక ఒక్కటీ పెగల్లేదు. వాన అప్పుడే వెలిసి, కిటికీలోంచి కడిగినట్టు తెల్లటి వెలుతురు పడుతోంది. పావుగంట గడిచింది.

“ఇటు తిరుగు,” అంది ఉన్నట్టుండి.

“ఏం?”

“వెలుతురు వైపు.”

తిరిగాను. ముందుకు వంగి, కళ్ళు చిన్నవి చేసి, గోడ పెచ్చును చూసినట్టు చూసింది. ఆ చూపు చూసి ఎన్నాళ్ళయిందో.

“ఎడమ కంటి కింద నారింజ ఎక్కువైంది.”

“ఏమిటి?”

“కింద నారింజ. మీద గోధుమ వన్నె, అందులో ఎరుపు ఒక చుక్క తగ్గించాల్సింది. ఎవరు కలిపారు?”

“కింది వాటా ఆవిడ.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“రెండో ఆదివారం నుంచి.”

లేచి వెళ్ళి తువ్వాలు కొస కొళాయి కింద తడిపి తెచ్చింది. నా గడ్డం పట్టుకుని తుడిచింది. మెల్లగా ఏమీ కాదు, బాగానే నొప్పెట్టింది. ఒక కన్ను, తర్వాత రెండో కన్ను, చెంపలు. తువ్వాలు పక్కన పెట్టి నిలబడి చూసింది. నేను గుమ్మంలో నర్సు ఉందో లేదో చూసుకున్నాను. ఇప్పుడు ఏడుస్తుంది, ఇప్పుడు ఏడుస్తుంది అనుకుంటూ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను.

“అది పడుకోదు కదూ,” అంది.

“పడుకోదు.”

“ఎంతసేపు?”

“గంట. పుణ్యముంటే గంటన్నర. సాయంత్రం ఆరింటికి అందుకుంటుంది. పాలిచ్చినా ఆగదు, ఎత్తుకుని తిరిగినా ఆగదు. నువ్వన్నట్టే, నాకు చూడటం రాదు.” కుర్చీ చేతుల్ని వదిలేశాను. “చేతకావడం లేదే నాకు.”

ఆమె మంచం మీద తలగడ తీసి నా ఒళ్ళో పడేసింది.

“ఎలా ఎత్తుకుంటున్నావో చూపించు.”

తలగడను భుజాన వేసుకున్నాను.

“కుడి భుజమా? దానికి కుడివైపు గిట్టదు. ఆస్పత్రిలో పుట్టిన మొదటి వారం నుంచీ అంతే. ఇలా ఇవ్వు.” తలగడ లాక్కుని తన ఎడమ భుజం మీద వేసుకుంది. “దాని పొట్ట నీ భుజం ఎముకకు ఆనాలి. నడిచేటప్పుడు ఊపకు. కొంచెం కొంచెంగా తట్టు. ఇలా.”

తలగడను తడుతూ మంచానికీ కిటికీకీ మధ్య నడిచింది. నాలుగింటి గంట కొట్టారు. నర్సు వచ్చి నిలబడింది. మా ఆవిడ తట్టడం ఆపలేదు.

“వచ్చే ఆదివారం వానొచ్చినా రా,” అంది.

బస్సు కిక్కిరిసి ఉంది. కమ్మీ పట్టుకుని నిలబడితే ఎవరో పెద్దాయన నా వైపు చూసి, “ఒంట్లో బాగాలేనట్టుంది, కూర్చో బాబూ” అని లేచి చోటిచ్చాడు. కూర్చుని కిటికీ వైపు మొహం తిప్పుకున్నాను.

ఎడమ భుజం మంత్రంలా పని చేసిందని చెప్పలేను. ఆ సాయంత్రం కూడా పాప ఎనిమిదిన్నర దాకా ఏడ్చింది. మూడో రోజుకు గంట తగ్గింది. సోమవారం ఉత్త మొహంతోనే పనికి వెళ్ళాను. ఓనరు నోరు తెరవబోయి మూసుకుని, ఆ వారమంతా నన్ను వెనక గదిలో ఫ్రేములు బిగించే పనికి వేశాడు. పెద్దమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. “ముందే చెప్పొద్దూ, పిచ్చి సన్నాసీ,” అని తిట్టి టీ ఇచ్చింది.

నెల తర్వాత మా ఆవిడ ఇంటికి వచ్చింది. ఆ రోజు గురించి ఏమేమో ఊహించుకున్నాను. జరిగింది ఏమిటంటే, పాప ఆమెను చూసి మొహం తిప్పుకుంది. ఎత్తుకోబోతే కెవ్వుమని, నా చొక్కా పిడికిట బిగించి పట్టుకుంది. మా ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది.

“చిన్నపిల్ల, దానికేం గుర్తుంటుంది,” అన్నాను ఓదార్పుగా. అనకూడని మాట. ఆమె బాల్కనీలోకి వెళ్ళి చాలాసేపు వాన చూస్తూ నిలబడింది. వెళ్ళి పక్కన నిలబడాలా, వదిలెయ్యాలా నాకు తెలియలేదు. అన్నాళ్ళూ ఒంటరిగా ఉండటం అలవాటై, ఇద్దరుగా ఎలా ఉండాలో మరిచిపోయినట్టుంది.

ఆ రెండు వారాలు ఒకే ఇంట్లో మూడు వాటాల వాళ్ళలా బతికాం. మాత్రలు వేసుకున్నాక ఆమెకు మత్తుగా ఉండేది, కాబట్టి రాత్రుళ్ళు ఎప్పటిలాగే నావి. పగలు ఆమె పాప దగ్గరికి వచ్చి, తాకకుండా, దూరంగా చాప అంచున కూర్చునేది. గిలకో గుడ్డ బొమ్మో ఏదో ఒకటి కొంచెం ముందుకు తోసేది. పాప దాన్ని అందుకుని ఆమెను చూసేది. అంతే. మర్నాడు మళ్ళీ చాప అంచున, ఇంకో జానెడు దగ్గరగా. పెద్దమ్మ తన దగ్గరి పిల్లల్ని కూతురికి అప్పగించి పగలంతా వచ్చి తోడుండేది, సాయంత్రం నేను రాకముందు గంట మాత్రం వాళ్ళిద్దరినీ వదిలి వెళ్ళేది. అలా వదలమన్నది మా ఆవిడే.

వానలు వెనకబడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, కురిసిన ఆఖరి జల్లుల్లో ఒకదానిలో తడిసి ఇంటికి వచ్చాను. బూట్లనిండా నీళ్ళు. బెల్లు మీద వేలు పెట్టబోతూ, ఏడుపు వినబడటం లేదేమిటా అని ఆగాను. ఆరున్నర దాటింది. భయం వేసి వరండా కిటికీలోంచి తొంగి చూశాను.

చాప మీద మా ఆవిడ వెల్లకిలా పడి నిద్రపోతోంది. పాప ఆమె ఎడమ భుజం మీద బోర్లా పడుకుని, నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ నిద్రపోతోంది. ఒక కాలు ఆమె పొట్ట మీదికి జారి ఉంది. మా ఆవిడ చెయ్యి పాప వీపు మీద, తడుతూ తడుతూ మధ్యలో ఆగిపోయినట్టు ఉంది.

బెల్లు కొట్టలేదు. బూట్లు విప్పి, నీళ్ళు పారబోసి, మెట్ల మీద కూర్చున్నాను. లోపల నుంచి ఏ చప్పుడూ లేదు. కింద నుంచి పౌడరమ్మ పార్లర్ షట్టరు దించుతూ తలెత్తి చూసింది.

“తాళం చెవి పోయిందా తమ్ముడూ?”

“లేదక్కా. పడుకున్నారు.”

ఆవిడ తల ఊపి, మిగతా షట్టరును చప్పుడు చెయ్యకుండా, చేత్తో పట్టుకుని నెమ్మదిగా దించి వెళ్ళిపోయింది.

గోడకు తల ఆనించాను. అంతవరకే గుర్తుంది. తలుపు గడియ తీసిన చప్పుడుకు లేచేసరికి వరండా దీపం వెలిగి ఉంది. గుమ్మంలో మా ఆవిడ. చెంప మీద చాప అల్లిక అచ్చుపడి ఉంది. భుజాన పాప, నిద్ర కళ్ళతో నన్ను చూస్తోంది, నా వైపు చేతులు చాచలేదు.

“ఎప్పుడొచ్చావు?” అంది.

“ఇప్పుడే,” అన్నాను.

ఆరిపోయిన నా మేజోళ్ళ వైపు ఒకసారి చూసి, ఆమె తలుపు పూర్తిగా తెరిచింది.